బొమ్మలు నేర్పే చదువు, బొమ్మలతో మనసును ఆదుకునే చదువు



తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులను వేధించే ప్రశ్న ఒకటుంది. "మా పాప బొమ్మలు బాగా వేస్తుంది సార్. అది చదువుగా పనికొస్తుందా? లేక తీరిక దొరికినప్పుడు చేసుకునే పనేనా?" వానను నమ్ముకుని చెనక్కాయ వేసే ఊళ్లలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. ఒక పంట పోయిన ఏడాది కూడా ఫీజు కట్టే ఇంట్లో, పిల్లల చదువు రేపు అన్నం పెడుతుందా లేదా అని అడగడం తప్పు కాదు. అందుకే ఈ నెల కెరీర్ పాఠంలో బొమ్మతో ముడిపడిన రెండు కాలేజీ చదువుల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. ఒకటి ఆర్ట్ ఎడ్యుకేషన్, అంటే బొమ్మలు నేర్పడం నేర్చుకునే చదువు. రెండోది ఆర్ట్ థెరపీ, అంటే బొమ్మలు వేయడాన్ని ఆధారంగా చేసుకుని మనసుకు సాయం చేసే చదువు.

ముందుగా ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ఈ రెండింటికీ చేతిలో బొమ్మ ఉంటే చాలదు. బొమ్మ ఒక కాలు అయితే, రెండో కాలు వేరే చదువు. ఆర్ట్ టీచరుకు ఆ రెండో కాలు బోధన. ఆర్ట్ థెరపిస్టుకు అది మనస్తత్వ శాస్త్రం, అంటే సైకాలజీ. ఈ తేడా తెలియకుండా కోర్సుల్లో చేర్చినప్పుడే డబ్బూ కాలమూ వృథా అవుతాయి.

మన దారిలోనే ఉన్న పాఠాలు

ఇవేవో పెద్ద నగరాల చదువులు, మనకెందుకు అనుకోవద్దు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట వెళ్లి చూడండి. అక్కడ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు సోకేంత పలుచగా తయారుచేసి, దాని మీద రాముణ్ణో హనుమంతుణ్ణో గీస్తారు. నగలకు, అంచులకు చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రంగులు అద్దుతారు. వెనక దీపం పెడితే ఆ రంధ్రాలే నగల మెరుపులవుతాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ ఇళ్లలో బోధన పెద్దవాళ్ల పక్కన కూర్చోవడంతోనే మొదలవుతుంది. పిల్లలు ముందు చూస్తారు, తర్వాత చిన్న పని అందుకుంటారు, ఆ తర్వాత బొమ్మ మొత్తం తామే చేస్తారు. చూడడం, చేయడం, సరిదిద్దుకోవడం అనే ఈ మూడు మెట్లనే ఆర్ట్ ఎడ్యుకేషన్ కాలేజీలో పద్ధతిగా చదువుతారు.

ఇటు తనకల్లు నుంచి ములకలచెరువు, అంగళ్లు మీదుగా మదనపల్లె వెళ్లే దారిలో మరో పాఠం ఉంది. అనిబీసెంట్ 1915లో స్థాపించిన మదనపల్లె కాలేజీకి జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. భారతీయ చిత్రకళ గురించి విరివిగా రాసిన మనిషి ఆయన. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడికి వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. అదే ఏడాది శాంతినికేతన్‌లో టాగూర్ కళాభవన్ మొదలుపెట్టారు. కళ చదువుకు అలంకారం కాదు, చదువులో భాగమే అన్న ఆలోచనకు మన దేశంలో ఒక కాలేజీ రూపం వచ్చింది అక్కడ. అక్కడ చదువుకున్న దేవీప్రసాద్ 1944లో గాంధీజీ సేవాగ్రామ్‌లో ఆర్ట్ టీచరుగా చేరి, పల్లె పిల్లలతో బొమ్మలు వేయించి, ఆ అనుభవంతో కళే విద్యకు పునాది అని ఒక పుస్తకమే రాశారు. మదనపల్లెకు దగ్గర్లోనే ఉన్న రిషివ్యాలీ స్కూలులో కూడా బొమ్మలు, చేతిపనులు చదువులో భాగంగానే నడుస్తాయి.

ఆర్ట్ ఎడ్యుకేషన్‌లో ఏం చదువుతారు?

ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ అయిన బీఎఫ్‌ఏ సాధారణంగా నాలుగేళ్ల కోర్సు. డ్రాయింగ్, పెయింటింగ్, శిల్పం, ప్రింట్ మేకింగ్, కళా చరిత్ర అందులో ఉంటాయి. ఆర్ట్ ఎడ్యుకేషన్ వైపు వెళ్లేవారు వీటితో పాటు పిల్లల గురించి చదువుతారు. అందులో అందరూ చదివే పేరు విక్టర్ లోవెన్‌ఫెల్డ్. ఆయన 1947లో రాసిన పుస్తకంలో పిల్లల బొమ్మలు వయసుతో పాటు ఎలా మారతాయో మెట్లుగా చూపించారు.

రెండు నుంచి నాలుగేళ్ల వయసులో పిల్లలు గీతలు గీకుతారు. అది అల్లరి కాదు, చేతిని అదుపులోకి తెచ్చుకునే సాధన. నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య పెద్ద తల, దాని నుంచే కాళ్లు వచ్చే మనుషులు పుడతారు. ఏడు నుంచి తొమ్మిది మధ్య ఇంటికి ఒక గుర్తు, చెట్టుకు ఒక గుర్తు స్థిరపడతాయి. కాగితం అడుగున నేల గీత, పైన ఆకాశం గీత వస్తాయి. తొమ్మిది నుంచి పన్నెండు మధ్య అసలు చిక్కు మొదలవుతుంది. తాను వేసింది నిజమైన దానిలా లేదని పిల్లలకే తెలిసిపోతుంది. "నాకు బొమ్మలు రావు" అని పెన్సిల్ పక్కన పెట్టేసేది ఎక్కువగా ఈ వయసులోనే.

ఆర్ట్ టీచరు విలువ తెలిసేది ఇక్కడే. ఆ పిల్లవాడికి మరో అందమైన బొమ్మ ఇచ్చి కాపీ చేయమనడం ఒక పద్ధతి. వేరుశనగ మొక్కను వేళ్లతో సహా పీకి బల్ల మీద పెట్టి, "కాయ ఎక్కడి నుంచి వేలాడుతోంది? ఆకులు ఎన్నెన్ని కలిసి ఉన్నాయి?" అని చూడడం నేర్పడం ఇంకో పద్ధతి. మొదటి దానిలో పిల్లవాడికి ఒక బొమ్మ మిగులుతుంది. రెండో దానిలో చూపు మిగులుతుంది. అదే చూపు రేపు సైన్స్ రికార్డులో, మ్యాపులో, జామెట్రీలో పనికొస్తుంది. ఏ వయసుకు ఏ పని ఇవ్వాలి, ఎప్పుడు సరిదిద్దాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది ఆర్ట్ ఎడ్యుకేషన్‌లో నేర్చుకునే అసలు విద్య.

జాతీయ విద్యా విధానం 2020 కూడా కళను మిగతా సబ్జెక్టులతో కలిపి నేర్పాలని చెప్పింది. ఇలా నేర్పగలిగే టీచర్లు స్కూళ్లకు కావాలి. అయితే ఉద్యోగాల సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం వందకు పైగా పిల్లలున్న ఆరు నుంచి ఎనిమిది తరగతుల స్కూళ్లలో ఆర్ట్ బోధకులు ఉండాలి. కానీ చట్టం అడిగింది పార్ట్ టైమ్ బోధకులనే. పూర్తికాలపు పోస్టులు కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో ఉంటాయి. మన లేపాక్షిలో ఉన్నదీ నవోదయే. వాటికి ఫైన్ ఆర్ట్స్‌లో తగిన డిగ్రీ గానీ డిప్లొమా గానీ అడుగుతారు. ప్రైవేటు స్కూళ్లు, మ్యూజియాలు, పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థలు, యానిమేషన్ స్టూడియోలు మిగతా దారులు.

ఆర్ట్ థెరపీ ఎలా పుట్టింది?

'ఆర్ట్ థెరపీ' అన్న మాట ఒక క్షయ ఆసుపత్రిలో పుట్టింది. మదనపల్లె పక్కన 1915 నుంచి ఉన్న ఆరోగ్యవరం శానటోరియం గురించి మన పెద్దవాళ్లకు తెలుసు. మంచి మందులు రాకముందు క్షయ రోగులు అలాంటి చోట్ల నెలల తరబడి మంచం మీదే ఉండేవారు. ఇంగ్లండులోని మిడ్‌హర్స్ట్‌లో ఉన్న ఇలాంటి ఒక శానటోరియంలో 1938లో ఆడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు రోగిగా ఉన్నారు. పొద్దుపోక మంచం పక్కనున్న వస్తువులను గీయడం మొదలుపెట్టారు. అలా గీస్తుంటే దిగులు తగ్గడం గమనించి, తర్వాత తోటి రోగులకూ నేర్పారు. ఆ పనికి 1942లో ఆయన పెట్టిన పేరే ఆర్ట్ థెరపీ. 1945లో దాని మీద పుస్తకం రాశారు. ఒక్క విషయం గమనించాలి. బొమ్మలు క్షయను నయం చేశాయని ఆయన ఉద్దేశం కాదు. రోగితో పాటు కుంగిపోయే మనసును అవి నిలబెట్టాయి.

అదే కాలంలో ఇంకో చోట ఇంతకంటే కఠినమైన పరీక్ష జరిగింది. నాజీలు యూదులను బంధించిన తెరెజిన్ అనే శిబిరంలో ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకు రహస్యంగా బొమ్మల పాఠాలు చెప్పారు. దొరికిన పాత కాగితాల మీద పిల్లలు తమ ఇళ్లను, తోటలను, సీతాకోకచిలుకలను, శిబిరంలోని మంచాలను వేశారు. ప్రతి కాగితం మీదా పేరు రాయించారు ఆమె. అక్కడ నంబరుగా మారిన పిల్లలకు పేరు తిరిగి ఇవ్వడం అది. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. వెళ్లే ముందు సూట్‌కేసుల్లో దాచి వెళ్లిన బొమ్మలు దాదాపు 4,500 ఇవాళ ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆ పిల్లల్లో చాలామంది బతకలేదు. బొమ్మ వాళ్ల ప్రాణం కాపాడలేకపోయింది. కానీ ఆ కొన్ని గంటలు వాళ్లు భయపడే పిల్లలుగా కాక, చూసే పిల్లలుగా, చేసే పిల్లలుగా ఉన్నారు.

ఆమె శిష్యురాలు ఎడిత్ క్రేమర్ అమెరికా వెళ్లి, న్యూయార్క్ దగ్గర కష్టాల్లో ఉన్న అబ్బాయిల స్కూలులో పనిచేస్తూ ఆర్ట్ థెరపీకి ఒక దారి వేశారు. బొమ్మ వేసే పనిలోనే మనసు కుదుటపడుతుందన్నది ఆమె మాట. అంతకు ముందు నుంచే పనిచేస్తున్న మార్గరెట్ నామ్‌బర్గ్ దారి వేరు. నోటితో చెప్పలేని దాన్ని మనిషి బొమ్మతో చెబుతాడు, ఆ తర్వాత దాని గురించి మాట్లాడుకోవడంలోనే చికిత్స ఉందని ఆమె అన్నారు. నేటి కోర్సుల్లో ఈ రెండు దారులూ నేర్పుతారు.

థెరపిస్టు గదిలో జరిగేది ఏమిటి?

ఉదాహరణకు, బెంగళూరుకు వలస వెళ్లిన నాన్న కొన్ని నెలలుగా ఇంటికి రాలేదు, పిల్లవాడు మాట తగ్గించేశాడు అనుకుందాం. శిక్షణ పొందిన థెరపిస్టు వాడిని "ఏమైంది, చెప్పు" అని గుచ్చి గుచ్చి అడగరు. కాగితం, మట్టి, రంగులు ముందు పెడతారు. ఏది తీసుకోవాలన్నది పిల్లవాడి ఇష్టం. వాడు వేసినదానికి మార్కులు ఉండవు, బాగుందనీ బాగాలేదనీ అనరు. "ఈ బస్సు ఎక్కడికి పోతోంది?" లాంటి చిన్న ప్రశ్నతో ఆగుతారు. ఇలా చాలా వారాలు సాగుతుంది. అవసరమైతే మానసిక వైద్యుడి దగ్గరకు పంపుతారు. బొమ్మలను బడి గోడకు అంటించరు, వాట్సాప్‌లో పెట్టరు. అవి పిల్లవాడి సొంతం.

డ్రాయింగ్ క్లాసుకూ దీనికీ తేడా ఇక్కడ అర్థమవుతుంది. క్లాసులో బొమ్మ బాగుపడాలి. థెరపీలో బొమ్మ ఎలా ఉన్నా ఫరవాలేదు, మనిషి తేరుకోవాలి.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చుకోవాలి. నల్లరంగు వాడితే దిగులు, ఎర్రరంగు వాడితే కోపం అని సోషల్ మీడియాలో వచ్చే మాటలు నమ్మవద్దు. నల్ల క్రేయాన్ ఒక్కటే మిగిలి ఉండవచ్చు. ఒక్క బొమ్మ చూసి పిల్లల మనసును తేల్చేయడం చదువుకున్న థెరపిస్టులు కూడా చేయరు. పిల్లల తిండిలో, నిద్రలో, మాటలో వారాల తరబడి మార్పు కనిపిస్తే బొమ్మలు వెతకడం కాదు, నిపుణులను కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మన దేశంలో ఈ వృత్తి ఎక్కడ ఉంది?

బ్రిటన్‌లో ఆర్ట్ థెరపిస్ట్ అన్న పేరు పెట్టుకోవాలంటే చట్టప్రకారం నమోదు తప్పనిసరి. దానికి పీజీ స్థాయి చదువు, పర్యవేక్షణలో చేసిన ప్రాక్టీసు ఉండాలి. అమెరికాలోనూ మాస్టర్స్ డిగ్రీ, పర్యవేక్షణ గంటలు అడుగుతారు. మన దేశంలో ఈ వృత్తి ఇంకా కుదురుకుంటోంది. ఆరోగ్య రంగంలోని అనుబంధ వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ చట్టం తన జాబితాలో ఆర్ట్, డ్యాన్స్ థెరపిస్టులను కూడా చేర్చింది. అది మంచి మొదలు. అయితే డాక్టరుకు, నర్సుకు ఉన్నంత స్థిరమైన దారి దీనికి ఇంకా పడలేదు.

ఈ సందులోనే చిన్న చిన్న సర్టిఫికెట్ కోర్సులు పుట్టుకొస్తున్నాయి. రెండు రోజుల వర్క్‌షాప్ ఒక టీచరుకు, ఒక తల్లికి ఉపయోగపడవచ్చు. అది ఎవరినీ థెరపిస్టును చేయదు. బాధలో ఉన్న మనిషితో పనిచేయడానికి లోతైన శిక్షణ కావాలి. లేకపోతే సాయం చేయబోయి గాయం పెంచే ప్రమాదం ఉంది.

మన పిల్లలకు దారులు

పదో తరగతి తర్వాత: ఏ గ్రూపు తీసుకున్నా బీఎఫ్‌ఏ దారి మూసుకుపోదు. కాబట్టి బొమ్మల కోసం ఇంటర్‌లో ఫలానా గ్రూపే తీసుకోవాలన్న ఆందోళన వద్దు. సీబీఎస్‌ఈ పిల్లలకు పదకొండు, పన్నెండు తరగతుల్లో పెయింటింగ్ ఒక సబ్జెక్టుగా తీసుకునే వీలుంది. థెరపీ వైపు ఆసక్తి ఉంటే బైపీసీ గానీ ఆర్ట్స్ గ్రూపు గానీ సైకాలజీకి బాగా తోడ్పడతాయి.

బడిలో ఉండగానే: ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు తక్కువ ఖర్చుతో చేతికి క్రమశిక్షణ ఇస్తాయి. డ్రాయింగ్ టీచరు కావాలనుకునేవారు ఆ తర్వాత వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ చేయడం మన రాష్ట్రంలో పాత దారి.

ఇంటర్ తర్వాత: మనకు దగ్గర్లో కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నాయి. బెంగళూరులో చిత్రకళా పరిషత్ ఉంది. ఢిల్లీలోని జామియా మిలియాలో ఆర్ట్ ఎడ్యుకేషన్‌కు ప్రత్యేక విభాగమే ఉంది. ప్రవేశ పరీక్షలో డ్రాయింగ్ టెస్టు ఉంటుంది, చాలాచోట్ల పాత బొమ్మల ఫైలు కూడా చూస్తారు.

థెరపీ కావాలంటే: తొందర పడకుండా రెండు అంచెలుగా వెళ్లడం మంచిది. ముందు బీఏ సైకాలజీ గానీ బీఎఫ్‌ఏ గానీ పూర్తి చేయాలి. ఆ తర్వాత పీజీలో రెండో కాలు కట్టుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేయాలన్న ఆసక్తి ఉంటే స్పెషల్ ఎడ్యుకేషన్ గట్టి దారి. సికింద్రాబాద్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, ఆ కోర్సులు నడుపుతోంది. పునరావాస మండలి గుర్తింపు ఉన్న డిగ్రీతో మొదట ఉద్యోగం నిలబడుతుంది, బొమ్మ ఆ పనికి బలమవుతుంది.

ఫీజు కట్టే ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ఈ డిగ్రీ లేదా డిప్లొమా ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయం? దానికి ఎవరి గుర్తింపు ఉంది?
2. చదువులో ఎన్ని గంటలు ఆసుపత్రిలో లేదా స్కూలులో ప్రాక్టీసు? దాన్ని పర్యవేక్షించేది ఎవరు?
3. థెరపీ కోర్సు అయితే సైకాలజీ ఎంత నేర్పుతారు? నేర్పేవారి అర్హత ఏమిటి?
4. గత మూడేళ్లలో చదివినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారు? వాళ్లలో ఇద్దరితో మాట్లాడించగలరా?
5. ఫీజు కాక రంగులకు, కాన్వాసులకు, హాస్టలుకు ఏడాదికి ఎంతవుతుంది?

నాలుగో ప్రశ్నకు జవాబు తప్పించే చోట తొందరపడి డబ్బు కట్టకండి.

ఈ నెల ఇంట్లో చేయవలసిన పని

గీతలు లేని ఒక తెల్ల నోటుబుక్కు కొనివ్వండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఫోన్‌లోని బొమ్మను కాకుండా కళ్లెదుట ఉన్నదాన్ని వేయమనండి. రోలు, చేద బావి, చెనక్కాయ చెట్టు, నిద్రపోతున్న అవ్వ, ఏదైనా సరే. పేజీ అడుగున తేదీ వేయమనండి, చించవద్దనండి. బొమ్మ చూపించినప్పుడు "ఇదేంది?" అనకండి. "దీని గురించి చెప్పు నాయనా" అనండి. సెలవు దొరికితే లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద ఉన్న విజయనగర కాలపు చిత్రాలు చూపించండి, నిమ్మలకుంటలో తోలు మీద గీసే చేతిని చూపించండి.

మూడు నెలల తర్వాత మొదటి పేజీనీ చివరి పేజీనీ పక్కపక్కన పెట్టి చూడండి. మెరుగు కనిపిస్తే సంతోషం. అంతకంటే ముఖ్యమైనది, ఎవరూ చెప్పకుండానే నోటుబుక్కు తెరుస్తున్నారా అన్నది. తెరుస్తుంటే, పక్కన కూర్చున్న తమ్ముడికి ఎలా వేయాలో ఓపికగా చూపిస్తున్నారా? అలాంటి పిల్లలకు నేర్పే చదువు నప్పవచ్చు. ఎవరైనా ఏడుస్తుంటే పక్కన చేరి మాట్లాడకుండా కూర్చోగలరా? అలాంటి పిల్లలకు థెరపీ చదువు నప్పవచ్చు. రెండూ కాకపోయినా నష్టం లేదు. చూపు నేర్చిన పిల్ల ఇంజనీరైనా, డాక్టరైనా, రైతైనా ఆ చూపు వెంట ఉంటుంది. ఆ నోటుబుక్కును తర్వాతి పేరెంట్స్ మీటింగుకు తీసుకురండి. గ్రూపు గురించి మాట్లాడుకోవడానికి మార్కుల షీటుతో పాటు అది కూడా బల్ల మీద ఉండాలి.